పరదేశపు హోటలుగదిలో కాఫీ, తేనీరు

నేడు మన ప్రాంతమున ననేక గృహములలో కొడుకో, కూతురో, అల్లుడో సముద్రముల కావల నుద్యోగము చేయుచున్నారు. వారిని జూచివచ్చుటకు తల్లిదండ్రులు పోవుటయు, పోయినవారు దారిలో నొకటి రెండు నగరములు చూచుటయు వాడుక యైనది. ప్రయాణమునకు ముందు ఆవకాయ జాడీలను గూర్చియు, చలికోటులను గూర్చియు నెలదినములు చర్చ జరుగును గాని, తెల్లవారుజామున లేచి నోరు పుక్కిలించిన వెంటనే కావలసిన గ్రుక్కెడు కాఫీ యెక్కడ దొరకునను ప్రశ్న యెవరికిని తోచదు. బిడ్డల యింట నున్నంతకాలము చింతలేదు. హోటలుగదిలో బస చేసిన మొదటి రాత్రియే చిక్కు వచ్చును.

ఈ చిక్కునకు మూలము కాలభేదము. మన గడియారము ఇంగ్లండు గడియారముకంటె చలికాలమున 5½ గంటలును, వేసవిలో 4½ గంటలును ముందు నడచును. ఇచ్చట నుదయము 7 గంటలైనప్పుడు లండనులో చలికాలపు రాత్రి 1½ గంట. నాలుగైదు దినములవరకు శరీరము మన గడియారమునే నమ్మియుండును గనుక రెండు గంటలకో మూడు గంటలకో కన్నులు విచ్చుకొనును. హోటలులోని వంటవారు నిద్రించుచుందురు. ఉపాహారశాల తలుపులు తెరచుట కింకను నాలుగైదు గంటల వ్యవధి యుండును. ఏండ్ల తరబడి కాఫీ కలవాటుపడినవారికి అది మానిన 12 మొదలు 24 గంటలలో తలనొప్పి యారంభించునని వైద్యులు చెప్పుదురు. విమానములో గడచిన కాలమును లెక్కించినచో ఆ గడువు గదిలో నడుగు పెట్టునప్పటికే తీరవచ్చును. వృద్ధులు దానిని రక్తపుపోటనియో మరియొకటనియో తలచి భయపడుదురు. తోడివారిని నిద్ర లేపుటకు మొగమాటపడి చీకటిలో గూర్చుండి తెల్లవార్చుదురు. కావున దీనిని విలాసమని త్రోసివేయరాదు. శ్రీనాథ కవిసార్వభౌముడంతవాడు కన్నడదేశమున కేగి అచ్చటి తిండి సహింపక పడిన యిడుములు ఆయన పేర వినవచ్చు చాటువులలో నేటికిని నిలిచియున్నవి. మన మెంత?

హోటలుగదిలో నేమి యుండునన్నది దేశమునుబట్టి మారును. ఈ విషయమున ఆంగ్లేయుల మర్యాద మెచ్చదగినది. వారి దేశమున సామాన్యమైన బసలోగూడ బల్లమీద నొక పళ్ళెమును, అందు విద్యుత్తుతో గాగు కెటిలును, రెండు పింగాణి కప్పులును, తేయాకు సంచులును, కాఫీపొడి పొట్లములును, చక్కెరయు, బొటనవ్రేలంత పాలడబ్బాలును అమర్చియుంచుట ఆచారము. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, సింగపూరు, మలేషియా దేశములలో గూడ నీ యాచారము చాలవరకు గలదు. జపానులో కెటిలును పచ్చతేయాకు సంచులును దొరకును గాని పాలుండవు. వారి తేనీటిలో పాలు కలుపుట యపచారమే. ఆ పచ్చయాకుపై మరుగునీరు పోసినచో చేదెక్కును. కాగిన నీటిని కొంత చల్లార్చి, 70, 80 డిగ్రీల వేడిలో బోయవలయును. చైనావారు వేడినీటికి ప్రాణము పెట్టుదురు. హోటళ్ళలోనే గాక రైళ్ళలో గూడ కాగుచున్న నీరు దొరకును. అచ్చట కొళాయినీటిని కాచకుండ త్రాగరు.

అమెరికాలో వేరు పద్ధతి. అచ్చటి గదులలో కెటిలు అరుదు. కాఫీ కార్చు చిన్నయంత్ర ముండును. తేనీటి ప్రియులు ఆ యంత్రములో పొడి వేయక, వట్టినీటిని మాత్రము పోసి కార్చుకొందురు. అట్లు వచ్చిన నీటికి పాతకాఫీ వాసన యంటియుండును. అందుచే మొదటి రెండు పోతలు పారబోసి మూడవది పట్టుకొనవలయును. అప్పటికిని ఆ నీరు మరుగుచున్న నీరు కాదు గనుక ఆకు సరిగా నూరదు. గదిలో మైక్రోవేవు పొయ్యి యున్నచో దానిలో నీరు కాచుకొనవచ్చును గాని యొక హెచ్చరిక. నున్నని పాత్రలో నట్లు కాచిన నీరు, బుడగలు లేకుండ నిశ్చలముగా నుండియే మరుగువేడిని మించవచ్చును. చెంచాయో పొడియో పడినంతనే ఎగసి చేతులపై చిందును. కాచుటకు ముందే నీటిలో నొక కొయ్యపుల్ల నుంచుటయు, కాగిన పిమ్మట నొక నిమిషము తాకకుండుటయు మేలు. ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిను దేశములలోని చిన్నహోటళ్ళలో రెండును లేకపోవుట సామాన్యము. అయ్యా, మా గదిలో కెటిలుండునా, లేనిచో అడిగిన నిత్తురా అని ముందుగానే వ్రాసి యడుగుటలో తప్పులేదు. అడిగినవారికి ఎరువిచ్చు హోటళ్ళు చాల గలవు.

పడకగదిలోని తేనీటిపై ఆంగ్లేయులకు గల మమకారము నేటిది కాదు. 1902లో బర్మింగ్‌హాము నగరమున తుపాకులు చేయు ఫ్రాంక్ క్లార్క్ యనునతడు ఒక వింతయంత్రమునకు పేటెంటు పొందెను. గడియారము నిర్ణయించిన వేళకు అగ్గిపుల్ల తనంతట గీచుకొని సారాయిదీపమును వెలిగించును. నీరు కాగినంతనే కెటిలు వంగి తేయాకుపాత్రను నింపును. నిద్రించువారి తలప్రక్కన మంట తనంతట వెలుగుట తలచుకొన్నచో గుండె యదరును! తేయాకు సంచి విషయమున మాత్రము స్త్రీలకు భాగము గలదు. అమెరికాలోని మిల్వాకీ నగరపు రాబర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అను నిరువురు, ఒక్క కప్పునకు సరిపడు నాకును నూలువల సంచిలో నుంచు నుపాయమునకు 1901లో దరఖాస్తు పెట్టి 1903లో పేటెంటు గొనిరి. కుండెడు తేనీరు కాచి మిగిలినది పారబోయుట వ్యర్థమని వారి వాదము. ఇల్లాలికి గాక మరెవ్వరికి తోచును?

ఇక ఇంటినుండి కెటిలు గొనిపోవుదమా యను ప్రశ్న. ఇచ్చట జాగ్రత్త వలయును. మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. బ్రిటనులోను, ఐరోపాఖండమందును నంతియే. అమెరికాలో 120, జపానులో 100. వోల్టులు సగమైనచో వేడి సగమగునని మనము తలంతుము గాని, వేడి వోల్టుల వర్గమునుబట్టి తగ్గును. అనగా సగము వోల్టులకు నాలుగవవంతు వేడియే. మన 1000 వాట్ల కెటిలు అరలీటరు నీటిని మూడు నిమిషములలో కాచును. అమెరికాలో దాని బలము 270 వాట్లకు దిగి, పది నిమిషములకు పైగా పట్టును. జపానులో 190 వాట్లకు జారి, పావుగంట దాటినను ఆవిరి యెగయదు. ఇందు కాలహరణమే గాని అపాయము లేదు. తలక్రిందులైనదే ప్రమాదము. అమెరికాలో గొన్న 120 వోల్టుల కెటిలును ఇక్కడనో లండనులోనో తగిలించినచో అది నాలుగురెట్లకు సమీపించిన వేడి బుట్టించి మాడిపోవును, నిప్పంటుకొనవచ్చును. ప్లగ్గు ఆకారమును మార్చు చిన్నపరికరము వోల్టులను మార్చదు. ఈ భేదము తెలియక బిడ్డల యింట కానుకగా బుచ్చుకొన్న వస్తువులను కాల్చుకొనువారు గలరు. ఒక చిన్న మీటతో రెండువిధముల విద్యుత్తునకును సరిపడునట్లు చేసిన ప్రయాణపు కెటిళ్ళు దొరకుచున్నవి. కొనదలచినవారు అట్టిదానినే కొనవలయును. ప్లగ్గు రంధ్రములు గూడ దేశమున కొకతీరు: బ్రిటను, సింగపూరు, దుబాయిలలో మూడు చదరపు పుల్లలు, అమెరికా జపానులలో రెండు బల్లపరుపు పుల్లలు, ఐరోపాలో గుండ్రనివి. నీటిలో ముంచి కాచు తీగచుట్టలను మాత్రము కొనిపోవలదు. హోటలువారు వానిని నిషేధించుటకు కారణము గలదు. నీటినుండి బయటికి దీసి ఆపుట మరచినచో క్షణములో నెర్రగా గాలును.

గదిలో నున్న కెటిలును వాడవచ్చునా యని మా యత్తగారి సందేహము. రెండేండ్ల క్రిందట మా మరిదిని జూచుటకు ఇంగ్లండు పోయినప్పుడు ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళితిమి. డెబ్బదియేండ్లకు సమీపించినవారు. మొదటి రాత్రి రెండు గంటలకు నేను కన్ను దెరచునప్పటికి ఆమె మంచముపై గూర్చుండి కణతలు నొక్కుకొనుచున్నారు. మావారు లేచి ఫోను చేసి తెప్పింతునన్నారు. "వద్దురా నాయనా, ఈ వేళ నొకరిని నిద్ర లేపి నాకు కాఫీ తెమ్మందునా?" యని వారించిరి. నేను కెటిలు చేత బట్టుకొనగా, "ఏమే అమ్మాయీ, నిన్న మొన్న ఇందులో ఎవరేమి కాచుకొన్నారో నీకు తెలియునా?" అని యడిగిరి. దీనిని మడి యని నవ్వినవారు గలరు గాని, ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. సబ్బు వాడక గోరువెచ్చని నీటితో రెండుమారులు తొలిచి, నిండుగా నీరు పోసి మరిగించి యంతయు బారబోసి, మరల క్రొత్తనీరు పట్టి కాచితిని. తెచ్చుకొన్న ఫిల్టరులో పొడి వేసి ఆ నీరు పోయుట చూచిన పిమ్మట ఆమెకు నమ్మకము కలిగినది. మూడుగంటలకు ముగ్గురము కాఫీ త్రాగితిమి. అత్తగారు రెండవ లోటా గూడ నడిగిరి.

కెటిలులో పాలు కాచవలదు. ఇది మన స్త్రీలకు ముఖ్యముగా జెప్పవలసిన మాట; ఏలయన పాలు, ఆకు, చక్కెర యన్నియు నొక్కమారు మరిగించిన తేనీరే మనకు తేనీరు. పాలు అడుగంటి మాడి, పొంగి, మూతిగుండ విద్యుత్తు తగులుచోటికి దిగును. తరువాత వచ్చినవారికి ఆ వాసన పోదు. హోటలువారు వెల కట్టించుకొన్నను తప్పుబట్టలేము. నీరు కాగినంతనే కెటిలు తనంతట ఆగిపోవుటకు, అందు రెండు వేరువేరు లోహముల నతికించిన చిన్నపలక యొకటి యుండును. ఆవిరి సోకగా నొక లోహము రెండవదానికంటె నెక్కువ సాగి, పలక వంగి, మీట పడును. మూత తెరచియుంచినచో ఆవిరి పలకకు జేరక పైకే పోవును. కెటిలు ఆగదు, నీరింకును. మూత వేసియే కాచవలయును. పైకప్పున పొగను గనిపెట్టు యంత్ర ముండును గదా. కెటిలును సరిగా దానిక్రింద బెట్టక కిటికీవైపు బెట్టుట మంచిది. కొన్ని యంత్రములు దట్టమైన ఆవిరినిగూడ పొగయని పొరబడును. అర్ధరాత్రి గంట మ్రోగి హోటలులోని జనులందరు రాత్రిదుస్తులతో వీథిలో నిలుచుట యెవరికి హితము?

ఫిల్టరు కాఫీకి రెండు లోటాలు దిగు చిన్న స్టీలు ఫిల్టరు చాలును. పెట్టెలో చోటు గావలయునన్నచో దాని కడుపులోనే పొడిపొట్లము, చెంచా యిముడును. గుప్పెడుపొడి, అనగా మూడు పెద్దచెంచాలు, వేసి మెల్లగా నదిమి, కెటిలు ఆగిన తరువాత అరనిమిషము తాళి, సుమారు 120 మిల్లీలీటర్ల నీరు చుట్టును పోసి మూత పెట్టవలయును. పావుగంటకు చిక్కని డికాక్షను దిగును. అయితే చలిదేశములలో దిగినంతలోనే చల్లారును. ఫిల్టరు క్రిందిగిన్నెను ఒక వెడల్పు కప్పులో నిలిపి చుట్టును వేడినీరు పోసియుంచినచో ఈ చిక్కు లేదు. పాలను గూడ నీ విధముననే వెచ్చజేయవచ్చును. పలుచని స్టీలుగ్లాసులో పాలు బోసి మూతవేసి, మరుగునీటి గిన్నెలో దింపి, ఐదు నిమిషములకు నీరు మార్చినచో, రెండవమారునకు వ్రేలు పెట్టలేనంత కాకపోయినను త్రాగుటకు దగినంత వెచ్చనగును. పాలు పెద్దదుకాణములలో కొనుడు. గదిలో నుంచు ఆ బుడ్డిడబ్బాలలో ఒక్కొక్కదానిలో 10, 12 మిల్లీలీటర్లకు మించి యుండదు; నాలుగైదు ఒలిచినను మన కాఫీ రంగు మారదు. అవి 135 డిగ్రీలకు పైబడిన వేడిలో కొన్ని క్షణములు కాచి మూసినవి గనుక చల్లనిపెట్టె లేకున్నను నెలల తరబడి చెడవు. మా యత్తగారు "ఏనాటివో!" యని ముక్కు మూసికొనిరి గాని అవి పాలే. అమెరికాలో మాత్రము పాలకు బదులొక తెల్లనిపొడి పెట్టుదురు. అది నూనెయు, చక్కెరపాకమును గలిపి చేసినది. చాల రకములలో పాలనుండి తీసిన మాంసకృత్తు కొంత యుండును. రంగు మార్చును, రుచి నీయదు.

పాలపొడి మనయింటినుండి గొనిపోవుద మనుకొనువారు చట్టము నెరిగియుండవలయును. బ్రిటనుకును, ఐరోపా సమాఖ్య దేశములకును మనదేశమునుండి వచ్చు ప్రయాణికులు పాలను, పాలపదార్థములను దెచ్చుట నిషిద్ధము. శిశువుల పాలపొడివంటి కొన్నిటికే మినహాయింపు. దిగినచోట కొనుటయే మార్గము. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో తినుబండారము లన్నిటిని వ్రాసి ప్రకటింపవలయును, దాచిన జరిమానా. అమెరికాకు బోవు విమానములలో 2018 నుండి 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను చేతిసంచిలో నుంచినచో ప్రత్యేకముగా పరీక్షింతురు. కాఫీపొడిని పెద్దపెట్టెలో, దుకాణపు ముద్ర చెడని పొట్లముగానే యుంచుట సుకరము.

పాలపొడి కలుపునప్పుడు మరుగునీరు నేరుగా పోసిన ఉండలు గట్టును. ముందు గోరువెచ్చని నీటితో జారుగా గలిపి, పిమ్మట వేడినీరు చేర్చవలయును. కాఫీకైనచో మామూలుకంటె చిక్కగా గలుపుట మేలు.

మసాలా తేనీటికి పొయ్యి లేదను చింత వలదు. వేడి నిలుపు స్టీలు ఫ్లాస్కుతో దాదాపు మరిగించిన రుచియే వచ్చును. ముందు మరుగునీరు పోసి ఫ్లాస్కును కాచి పారబోయవలయును. ఈ పని చేయనిచో కొంత వేడి దాని గోడలే త్రాగివేయును. తరువాత మూడు చెంచాల ఆకు, చిటికెడు శొంఠిపొడి, నలిపిన యేలకులు రెండు వేసి, అప్పుడే మరిగిన నీరు 300 మిల్లీలీటర్లు పోసి మూత బిగించి ఆరునిమిషము లుంచవలయును. వడగట్టి చిక్కని పాలు చేర్చినచో మనయింటి తేనీటికి వరుసకు చెల్లెలగును. పచ్చియల్లము ఆ యూరి అంగడిలో దొరకినచో మరింత బాగు. తేనీటికొకటి, నీటికొకటి రెండు ఫ్లాస్కులున్న యెడల రాత్రియే వేడినీరు నింపి పెద్దవారి మంచముప్రక్కన బెట్టవచ్చును. మాత్ర మ్రింగుటకై వారు చీకటిలో కెటిలుకొరకు తడవనక్కరలేదు.

లండనులో తేనీటిపై ఒక సన్నని మీగడవంటి పొర తేలును. అది మురికి కాదు. అచ్చటి నీరు సుద్దరాతి నేలలగుండ వచ్చుటచే సున్నము హెచ్చు. ఆ సున్నమును, తేయాకులోని వగరును, గాలియు గలిసి పొరగట్టును. కెటిలు అడుగున తెల్లని పెచ్చులు గూడ నదియే. నిమ్మకాయ పిండిన నీటిని కాచి అరగంట యుంచినచో పెచ్చులు కరగును. మే మెడింబరో పోయినప్పుడు అదే ఆకు, అదే పాలు, రంగు మాత్రము వేరు. ఆ నీరు మెత్తన. గ్లాస్గో నగరమునకు లాక్ కాట్రిన్ సరస్సునుండి నీరు వచ్చును. ఆ నీటికాలువలను 1859లో విక్టోరియా రాణి స్వయముగా ప్రారంభించెను. తేనీటి రుచి తెలియగోరువారు స్కాట్లండు నీటిలో నొకమారు కాచి చూడవలయును.

ఎత్తైన ప్రదేశములకు బోవువారికి మరియొక తికమక. ప్రతి 300 మీటర్ల యెత్తునకు నీటి మరుగువేడి సుమారు ఒక డిగ్రీ తగ్గును. 3650 మీటర్ల యెత్తుననున్న లాసాలో నీరు 88 డిగ్రీలకే మరుగును. ఎంతసేపు కాచినను అంతకుమించి వేడెక్కదు గనుక ఆకును రెట్టింపు కాల మూరనీయవలయును. ఆ వేడి కాఫీకి పెద్దలోటు కాదు, తేనీటికే.

పని ముగిసిన పిమ్మట కెటిలులో నీరు నిలువ యుంచక వంచివేయవలయును. కాఫీపిప్పిని మొగము కడుగు తొట్టిలో బోసినచో గొట్టము పూడును. గదులు తుడుచు నమ్మకు అదొక పని. కాగితములో జుట్టి బుట్టలో వేయుడు. ఫిల్టరును వేడినీటితోనే కడిగి, తుడిచి, ఆరనిచ్చి, ప్రొద్దున్నే రైలున్నచో రాత్రియే పొడివేసి మూత బిగించి బల్లపై నుంచినచో, లేచినవెంటనే నీరు పోయుట యొకటే మిగులును.